క్లాసులో దేశభక్తి గీతాలు: పాడించి ఊరుకోవాలా, మాట్లాడించాలా?

సుద్దముక్క:

ఎనిమిదో తరగతి సోషల్‌లో జాతీయోద్యమం పాఠాల ముందు మూడు పీరియడ్లు పాటలకు కేటాయించాలని ఉంది. జనగణమన, వందేమాతరం, గురజాడ దేశభక్తి గీతం ("దేశమును ప్రేమించుమన్నా"), గరిమెళ్ళ సత్యనారాయణ పాట ("మాకొద్దీ తెల్లదొరతనము") అనుకుంటున్నాను. పిల్లలు పాడాలి, వినాలి, ఏ పాట ఎప్పుడు ఎందుకు పుట్టిందో మాట్లాడాలి. స్టాఫ్‌రూమ్‌లో చెప్పగానే రెండు రకాల సలహాలు వచ్చాయి. "పాడించి ఊరుకోండి మేడం, మాట్లాడిస్తే రాజకీయం అవుతుంది" అని ఒకటి. "అసలు పాడించకండి, ఎవరో ఒకరు పాడనంటారు, అదో తలనొప్పి" అని ఇంకొకటి.

అడగదలచుకున్నవి ఇవి. ప్రేయర్‌లో జనగణమన రోజూ నీరసంగా, ఒక్కొక్కరు ఒక్కో శ్రుతిలో సాగుతుంది, దాన్ని బాగు చేయడం ఎలా? సంగీతం టీచర్ లేరు, హార్మోనియం మాత్రం ఉంది. ఎవరైనా పిల్లవాడు పాడనంటే నియమాల ప్రకారం ఏం చేయాలి? పాట చరిత్రలోకి వెళ్తే ఇప్పటి పార్టీల గొడవలోకి జారకుండా పీరియడ్ నడపడానికి ఒక పద్ధతి ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

శ్రుతిపెట్టె:

మేడం, ముందు శ్రుతి సంగతి చూద్దాం. పాట బాగా రానప్పుడు దాని గురించి ఎంత మాట్లాడినా పిల్లల మనసుకెక్కదు.

జనగణమన వినడానికి తేలికే గాని గొంతుకు తేలిక కాదు. మొదటి "భాగ్య విధాతా" దగ్గర కింది నిషాదం తగులుతుంది, చివర "జయహే" దగ్గర పై షడ్జం. అంటే ఒక స్థాయి (స నుంచి పై స దాకా) దాటి ఇంకా అర స్వరం ఎక్కువే కావాలి. పీఈటీ సార్ తన గొంతుకు వీలుగా కింద ఎత్తుకుంటే "విధాతా" పిల్లలకు అందదు, ఊపిరి శబ్దం మాత్రమే వస్తుంది. ఉత్సాహంగా పైన ఎత్తుకుంటే "జయహే" అరుపు అవుతుంది. చాలా బడుల్లో జరిగేది ఈ రెంటిలో ఒకటి. క్రమశిక్షణ లేక కాదు.

హార్మోనియం మీద మధ్య స్థాయిలో ఒకటో శ్రుతి, అంటే 'సి' మెట్టు, షడ్జంగా పెట్టుకోండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా అది సరిపోతుంది. కాస్త తేలిపోతున్నట్టు అనిపిస్తే రెండో శ్రుతి ('డి') దాకా వెళ్ళొచ్చు, అంతకు మించొద్దు. పదమూడు పద్నాలుగేళ్ళ మగపిల్లల్లో గొంతు మారుతూ ఉంటుంది. వాళ్ళను ఒక స్థాయి కింద పాడమనండి, వెనక వరుసలో నిలబెట్టండి. "గట్టిగా పాడండి" అని వాళ్ళనే గద్దిస్తే శ్రుతి మొత్తం వాళ్ళ వెంట కిందికి జారుతుంది.

శ్రుతి ఇచ్చే పద్ధతి: షడ్జం, పంచమం కలిపి నాలుగు సెకన్లు పట్టండి. పిల్లలు నోరు మూసి ఆ షడ్జాన్ని ఒకసారి మననం చేయాలి. ఆ తర్వాతే చేత్తో సైగ. "ఏక్ సాథ్ గాయేంగే" అని అరిచి వెంటనే మొదలుపెడితే అందరూ ఆ అరిచిన గొంతు శ్రుతినే పట్టుకుంటారు.

ఇక కాలం. పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు. చివరి జయహేలు వదిలేస్తే పాదాలు 11. నిమిషానికి 60 దెబ్బల మెట్రోనోమ్ (ఫోన్లో దొరుకుతుంది) పెట్టుకుంటే పాదానికి 4 దెబ్బలు, అంటే 44 సెకన్లు. మిగిలిన 8 జయహేలకు. సాగదీసే బడుల్లో ఇది నిమిషం దాటిపోతుంది, ఎక్కువగా సాగేది "గంగా", "తరంగ", "గాథా" లాంటి పాదాంతాల దగ్గర. అక్కడ దీర్ఘాన్ని కోసి ఊపిరి తీసుకోమనండి. పాదం మధ్యలో ఊపిరి తీయకూడదు.

స్వరాల విషయంలో అందరూ తప్పేవి మూడు చోట్లు. "భారత భాగ్య విధాతా" రెండుసార్లు వస్తుంది, రెండూ ఒకలా ఉండవు. మొదటిది షడ్జం మీదికి దిగుతుంది, రెండోది గాంధారం మీద ఆగుతుంది. పిల్లలు రెండోదాన్నీ కిందికి దించేస్తారు, దాంతో అక్కడి నుంచి "జయహే"కి ఎక్కడం కష్టమవుతుంది. రెండో చోటు "పంజాబ" దగ్గర షడ్జం నుంచి పంచమానికి దూకడం, దాన్ని జార్చి పాడేస్తారు. మూడోది చివర: పాట ముగిసేది మధ్యమం మీద. మన చెవికి షడ్జం మీద ముగియడం అలవాటు కాబట్టి చాలామంది తెలియకుండానే కిందికి లాగుతారు. స్థూలంగా స్వరాలన్నీ శంకరాభరణానివే, మధ్యలో ఒకటి రెండు చోట్ల మాత్రం ప్రతి మధ్యమం (శంకరాభరణంలో లేని హెచ్చు 'మ') మెరుస్తుంది. "మరాఠా" దగ్గర చెవి పెడితే తెలుస్తుంది.

మాటలు కూడా చూసుకోండి. "ఉచ్ఛల జలధి" కాస్తా "ఉజ్వల జలధి" అవుతుంది. "ఆశిష మాగే" హిందీ పలుకుబడితో "మాంగే" అవుతుంది. "గాహే" పోయి "గాయే" వస్తుంది. "నామే జాగే" పోయి "నామ జాగో" వస్తుంది. వీటిని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, పాడకుండా లయతో చదివించండి. వారం పాటు రోజూ ఐదు నిమిషాలు చాలు. మొదటి రెండు రోజులు చదవడం, తర్వాత రెండు రోజులు పాదం పాదంగా పాడడం, చివర మొత్తం.

ఒక్క మాట, రికార్డింగ్ పెట్టి దాని వెంట పాడించడం వద్దు. మైదానంలో హారన్ స్పీకర్ శబ్దం వెనక వరుసకు ఆలస్యంగా చేరుతుంది. ముందు వరుస ఒక కాలంలో, వెనక వరుస ఇంకో కాలంలో పడతారు. బ్లూటూత్ స్పీకర్లు రెండు పెడితే ఇంకా ఘోరం.

పాత గెజెట్:

పాడనంటే ఏం చేయాలన్న దానికి స్పష్టమైన సమాధానమే ఉంది, స్టాఫ్‌రూమ్ వాదనల్లో మాత్రం వినపడదు.

కేరళలో 1985లో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు ప్రార్థనలో జాతీయ గీతం వచ్చినప్పుడు లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. బడి నుంచి పంపేశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1986 ఆగస్టులో తీర్పు పిల్లల పక్షాన వచ్చింది. రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. సారాంశం ఇది: గీతం పాడి తీరాలని చట్టంలో లేదు, మర్యాదగా నిలబడితే అగౌరవం కాదు, మనస్సాక్షి వల్ల పాడని పిల్లలను బహిష్కరించడం రాజ్యాంగంలోని 19(1)(ఎ), 25 అధికరణాలకు విరుద్ధం.

1971 నాటి జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం 3వ సెక్షన్ శిక్షించేది వేరే పనిని. ఉద్దేశపూర్వకంగా గీతం పాడకుండా ఎవరినైనా అడ్డుకోవడం, పాడుతున్న సభకు భంగం కలిగించడం. దానికి మూడేళ్ళ దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని. ఊరికే నోరు విప్పకుండా నిలబడిన పిల్లవాడు దాని కిందికి రాడు. పక్కవాణ్ణి గిల్లి నవ్వించేవాడు కూడా మామూలు క్రమశిక్షణ కిందికే వస్తాడు, పోలీసు స్టేషన్ మాట ఎత్తకండి.

బడులకు సంబంధించి కేంద్ర హోంశాఖ ఉత్తర్వుల్లో ఉన్నది, ఆనాటి పని అందరూ కలిసి గీతం పాడడంతో మొదలుపెట్టవచ్చని. పాడుతున్నంతసేపు అటెన్షన్‌లో నిలబడాలి. మొదటి, చివరి పాదాలతో సుమారు 20 సెకన్ల కుదింపు రూపం ఒకటి ఉంది, అది కొన్ని ప్రత్యేక సందర్భాలకు. టైం లేదని ప్రేయర్‌లో వాడేది కాదు.

సినిమా హాళ్ళ తీర్పును కూడా బడికి అంటగడుతుంటారు. 2016 నవంబరులో సుప్రీంకోర్టు హాళ్ళలో తప్పనిసరి చేసింది, 2018 జనవరిలో దాన్ని ఐచ్ఛికం చేసింది. రెండూ హాళ్ళ గురించే.

వందేమాతరం విషయంలో జాగ్రత్త వేరే రకం. ఏ సందర్భంలో పాడాలి, ఎన్ని చరణాలు అనేది ఎప్పటికప్పుడు వచ్చే ఉత్తర్వులను బట్టి ఉంటుంది. మీ హెచ్‌ఎం దగ్గర ఉన్న తాజా సర్క్యులర్ కాపీ చదివి అది చెప్పినట్టు చేయండి. వాట్సాప్‌లో తిరిగే ఫొటో చూసి కాదు.

ప్రార్థన గీతాల సంగతి కూడా ఒకసారి చూసుకోండి. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన కుదరదు. గుర్తింపు పొందిన లేదా ఎయిడ్ తీసుకునే బడుల్లోనైతే మతబోధనకు, ఆరాధనకు పిల్లవాడు హాజరు కావాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. దేశభక్తి గీతం, భక్తి గీతం రెండూ ఒకే వరుసలో పాడిస్తూ ఉంటే "పాడను" అన్న పిల్లవాడు దేన్ని కాదంటున్నాడో ముందు విడిగా కూర్చోబెట్టి అడగండి. చాలాసార్లు అభ్యంతరం జాతీయ గీతం మీద ఉండదు.

ఇక మీ వైపు నుంచి: ప్రభుత్వ ఉపాధ్యాయులైతే 1964 ప్రవర్తనా నియమావళి మీకు వర్తిస్తుంది. రాజకీయాల్లో, ఎన్నికల్లో పాల్గొనడం నిషేధం. రాజకీయ చరిత్ర బోధించడం నిషేధం కాదు, అది మీ సిలబస్. ఈ తేడా కాగితం మీద కనపడాలంటే పాఠ్య ప్రణాళికలో ఆ పాటలు ఏ అధ్యాయానికి, ఏ అభ్యసన ఫలితానికి అనుబంధమో రాసి హెచ్‌ఎం సంతకం ముందే తీసుకోండి. ఫిర్యాదు వచ్చాక రాసిన కాగితానికి విలువ ఉండదు.

మూడో బెంచి:

పీరియడ్ నడిపే పద్ధతి నేను చెప్తాను. పాటను నినాదంగా కాకుండా ఆధారంగా చూపించాలి. శాసనాన్నో నాణేన్నో చూపిస్తే ఏమేం అడుగుతామో అవే ప్రశ్నలు: ఎప్పటిది, ఎవరు ఎవరితో అంటున్నారు, ఏం కోరుతున్నారు, ఎవరు వద్దన్నారు. ఆ నాలుగో ప్రశ్న అడగని పాఠం సగమే.

నలభై ఐదు నిమిషాల్లో ఇలా సర్దుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాలు పాట వినిపించండి, మాటల కాగితం ఇవ్వకుండా. వేగం, స్వభావం మాత్రమే రాయమనండి: నడకకు పనికొస్తుందా, జోలకా, ప్రార్థనకా. తర్వాత మాటల కాగితంతో రెండోసారి. అప్పుడు పెన్సిల్‌తో "మనం" ఎక్కడుంది, "వాళ్ళు" ఎక్కడున్నారు గీత గీయాలి. ఇది పది నిమిషాలు. నలుగురేసి జట్లుగా పై నాలుగు ప్రశ్నలకు పదిహేను నిమిషాలు. పది నిమిషాలు బోర్డు మీదికి తేవడం. చివరి ఐదు నిమిషాలు కలిసి పాడడం. పాడడం చివరికే ఉంచండి. ముందే పాడిస్తే ఊపు వచ్చేసి తర్వాత ప్రశ్నకు ఎవరూ చెవి పెట్టరు.

ఏ పాటలు? ఒంటరి పాట ఎప్పుడూ ప్రచారంలా వినపడుతుంది, జంటగా పెట్టండి. నాకు బాగా నచ్చే జంట వందేమాతరంతోనే వస్తుంది, రెండు పాటలు కాదు, ఒకే పాట రెండు సందర్భాల్లో. 1937 అక్టోబరులో కలకత్తాలో కాంగ్రెస్ కార్యవర్గం, ముస్లింల నుంచి వచ్చిన అభ్యంతరాలను చూసి, జాతీయ సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని తీర్మానించింది. మరుసటి ఏడాది 1938లో ఉస్మానియాలో హాస్టల్ విద్యార్థులు అదే పాట పాడకూడదన్న నిషేధం మీద సమ్మెకు దిగారు, బహిష్కరణకు గురయ్యారు, చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేశారు. అలా నాగపూర్ వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఒకచోట పాటను కుదించడం అందరినీ కలుపుకోవడానికి, ఇంకోచోట పాటను ఆపడం అధికారాన్ని నిలుపుకోవడానికి. పాట మారలేదు, పాడేవాళ్ళ పరిస్థితి మారింది. పిల్లలకు ఈ రెండు సంఘటనలు పక్కపక్కన ఇచ్చి "పాటను ఆపినవాళ్ళందరూ ఒకే కారణంతో ఆపారా?" అని అడగండి. ఇప్పటి పార్టీ పేరు ఒక్కటి కూడా ఎత్తకుండా మంచి రాజకీయ చర్చ నడుస్తుంది.

తెలుగునేల మీద ఇంకా వెనక్కి వెళ్ళాలంటే 1907 ఉంది. బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాల వేడిలో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి తీసేశారు. టీచర్లయ్యే కాలేజీలో జరిగింది కాబట్టి మన వృత్తికి దగ్గరి కథ.

గరిమెళ్ళ పాటను సహాయ నిరాకరణ పాఠంలో పెట్టండి. దాని బలం ఒక్కో చరణంలో ఒక్కో ఫిర్యాదు ఉండడం. పిల్లలకు ఫిర్యాదులను పట్టికగా రాయమని చెప్తే పాఠ్యపుస్తకంలోని పన్నులు, ఉప్పు, చదువు అన్నీ బయటికొస్తాయి. ఆయన ఆ పాటకు జైలుకు వెళ్ళాడు కాబట్టి "ఎవరు వద్దన్నారు" కాలమ్ కూడా ఖాళీగా ఉండదు.

ఎక్కడ చెడుతుందంటే, ఎవరో ఒకరు "మా నాన్న వాళ్ళ పార్టీ పాట ఇదే సార్" అంటారు. నవ్వొద్దు, కసరొద్దు. "ఆ పాట కూడా నాలుగు ప్రశ్నలకు నిలబడుతుందా, ఇంట్లో రాసుకొని చూడు" అనండి, బోర్డు మీదికి మాత్రం తేవద్దు. 1969, 1972 ఉద్యమాల పాటలు, ఆ తర్వాతి తెలంగాణ పాటలు ఎనిమిదికి తొందరే అంటాను. తేదీలు, ఒప్పందాలు తెలియకుండా పాట వింటే పక్షం మాత్రమే మిగులుతుంది. పదో తరగతిలో ఆ పాఠాలయ్యాక తీయొచ్చు.

తకధిమి:

మూడో బెంచి గారి పద్ధతి బాగుంది గాని ఒక అభ్యంతరం. ప్రతి పాటకూ గీతలు గీయించి జల్లెడ పడితే పిల్లలకు పాట మిగలదు. మూడు పీరియడ్లలో ఒకటి కేవలం పాడడానికి ఉంచండి మేడం. ఆ ఒక్కటి గురజాడకివ్వండి, 1910 నాటి పాట.

దాన్ని చాలాచోట్ల నాలుగు దెబ్బల నడకలో పాడించి పాడు చేస్తారు. అది ముత్యాల సరం అనే ఛందస్సు, పాదానికి 14 మాత్రలు, మూడు నాలుగుగా విరుగుతుంది: తకిట తకధిమి, తకిట తకధిమి. "దేశ" మూడు, "మునుప్రే" నాలుగు, "మించు" మూడు, "మన్నా" నాలుగు. నాలుగు దెబ్బల్లో కుక్కితే "దేశ" తర్వాత లేని ఒక మాత్ర కలపాల్సి వస్తుంది, అక్కడే ఈడ్పు మొదలవుతుంది. ముందు చేత్తో నేర్పండి: బెంచీ మీద ఒక దెబ్బ, రెండు వేళ్ళు; మళ్ళీ ఒక దెబ్బ, మూడు వేళ్ళు. పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆ తర్వాత మాటలు. రాగం చివర, ఏ రాగమైనా సరే, మోహనలో ఐదు స్వరాలే కాబట్టి కొత్తవాళ్ళకు తేలిక.

మాట్లాడాలనుకుంటే ఒక్క ప్రశ్న చాలు: ఈ పాటలో దేశం ఎవరు? వందేమాతరంలో తల్లి, "మా తెలుగు తల్లికి"లో తల్లి. జనగణమనలో పలకరించేది భారత భాగ్య విధాతను, అంటే దేశాన్ని కాదు, పైగా ప్రాంతాల పేర్లు, కొండలు, నదులు వరుసగా వస్తాయి. గురజాడ దగ్గర తల్లీ లేదు, విధాతా లేడు, మనుషులున్నారు, పాడిపంటలున్నాయి, పని ఉంది. ఏది గొప్పదని అడగొద్దు. "మీరు ఇల్లు, ఊరు, దేశం గురించి రాస్తే ఎవరిని పిలుస్తారు?" అని నాలుగు పాదాలు రాయమనండి, తకిట తకధిమిలో. ప్రాసలు తప్పుతాయి, పర్వాలేదు.

రాష్ట్ర గీతాల గురించి ఎవరూ చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో శంకరంబాడి సుందరాచారి పాట. తెలంగాణలో 2024 జూన్ నుంచి అందెశ్రీ పాట అధికారిక గీతం, దానికి పూర్తి రూపం, రెండున్నర నిమిషాల కుదింపు రూపం విడిగా ఉన్నాయి. బడిలో ఏది వాడాలో కనుక్కొని పెట్టండి. సరిహద్దు మండలాల్లో రెండు రాష్ట్రాల పిల్లలు కలిసి చదివేచోట రెండూ నేర్పితే నష్టం లేదు, కాకపోతే ప్రేయర్‌లో మాత్రం మీ రాష్ట్రానిదే.

సుద్దముక్క:

అందరికీ ధన్యవాదాలు. శ్రుతి విషయం రేపే హార్మోనియంతో మొదలుపెడతాను. ఇంకో రెండు చిన్న ప్రశ్నలు. "జనగణమన ఐదో జార్జి కోసం రాసింది" అని పిల్లల ఫోన్లలో మెసేజ్ తిరుగుతోంది, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "బాణీ కట్టింది మన మదనపల్లెలోనే" అని ఇంకొకటి. రెండోది, చివరి పీరియడ్ పాటలు వీడియో తీసి బడి పేజీలో పెట్టొచ్చా?

మూడో బెంచి:

జార్జి సంగతి అడిగితే మంచిదే, "అబద్ధం, కూర్చో" అనేయకుండా ఒక పీరియడ్‌లో సగం దానికే ఇవ్వండి. క్యాలెండరు గీయించండి. 1911 డిసెంబరు 12న ఐదో జార్జి ఢిల్లీ దర్బారు, అక్కడే వంగ విభజన రద్దు ప్రకటన. డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభ రెండో రోజున జనగణమన మొదటిసారి పాడారు. అదే రోజు సభలో రాజుగారికి స్వాగత తీర్మానం కూడా చేశారు, రాజును పొగుడుతూ వేరే హిందీ పాట ఒకటి పాడారు. కొన్ని ఇంగ్లీషు పత్రికలు రెంటినీ కలగలిపి ఠాగూర్ పాటే రాజుకు స్వాగతమని రాశాయి. గందరగోళం పుట్టింది అక్కడ. మరుసటి నెలలోనే తత్త్వబోధినీ పత్రికలో పాట బ్రహ్మసంగీతంగా, అంటే బ్రహ్మసమాజ భక్తి గీతంగా అచ్చయింది. 1937లో ఒక ఉత్తరంలో ఠాగూరే ఆ విధాత ఏ జార్జీ కాలేడని తేల్చి రాశాడు.

పిల్లలకు ఈ నాలుగు ఆధారాలు నాలుగు చీటీలుగా ఇచ్చి, తేదీ ప్రకారం పేర్చమనండి, ఏది సంఘటన జరిగినప్పటిది, ఏది పాతికేళ్ళ తర్వాతిది గుర్తించమనండి. ఎవరైనా తెలివైన పిల్ల "ఇరవై ఆరేళ్ళ తర్వాత రాసిన ఉత్తరాన్ని ఎలా నమ్మాలి?" అంటుంది. ఆ ప్రశ్న కోసమే ఈ పాఠం. అప్పుడు 1912 జనవరి అచ్చు కాగితాన్ని, పాట మిగతా చరణాలను చూపించండి. గీతంగా తీసుకున్నది మొదటి చరణమే, మొత్తం ఐదున్నాయి. మూడో చరణంలో యుగయుగాలుగా రథం నడిపే సారథి అని వస్తుంది. ఏ రాజూ యుగయుగాలు రథం తోలలేడు కదా, పిల్లలే తేలుస్తారు.

మదనపల్లె విషయంలో సగం నిజం. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు, పాట పాడి వినిపించారు, ఇంగ్లీషు అనువాదం అక్కడే చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారు. కాని పాట 1911లోనే సభలో పాడారంటే బాణీ అప్పటికే ఉన్నట్టు. మదనపల్లెలో జరిగింది పాటకు స్వరలిపి కుదరడం. అదేం చిన్న విషయం కాదు, పెంచి చెప్పాల్సిన అవసరమూ లేదు.

జాతీయ గీతంగా ఎప్పుడు అయిందని అడిగితే 1950 జనవరి 24. రాజ్యాంగ సభలో ఓటింగ్ జరగలేదు, అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ప్రకటన చేశారు. వందేమాతరానికి సమాన గౌరవం అన్న మాట అదే ప్రకటనలో ఉంది. ఇంటి దగ్గర వాదించుకునే పెద్దలకు చూపించడానికి ఈ ఒక్క పేరా ప్రింటు తీసి పిల్లల నోట్సులో అంటించండి.

పాత గెజెట్:

వీడియో గురించి. కాపీరైటు చట్టం 1957లోని 52(1)(జె) బడిలో సిబ్బంది, విద్యార్థులు చేసే ప్రదర్శనకు మినహాయింపు ఇస్తుంది. ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, బడి కార్యకలాపాలతో నేరుగా సంబంధం ఉన్నవాళ్ళు అయి ఉండాలి. బడి పేజీలో పెడితే ప్రేక్షకులు ఆ గిరి దాటిపోయారు. ఠాగూర్, బంకించంద్ర, గురజాడ రచనలకు కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి పిల్లలే పాడితే ఇబ్బంది లేదు. వెనక సినిమా వర్షన్ గాని, ఎవరైనా ఆర్టిస్టు చేసిన కొత్త ఆర్కెస్ట్రా ట్రాకు గాని వేసి పాడిస్తే ఆ రికార్డింగ్ హక్కు వేరే, యూట్యూబ్ దాన్ని గుర్తుపట్టి శబ్దం తీసేస్తుంది. మీ హార్మోనియం చాలు.

దానికన్నా ముఖ్యమైనది పిల్లల ముఖాలు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేనివాళ్ళను ఫ్రేములో పెట్టొద్దు. పాడకుండా నిలబడే పిల్లవాడు ఎవరైనా ఉంటే కెమెరా వాడి వైపు అస్సలు తిప్పకండి. ఒక్క పదిహేను సెకన్ల క్లిప్పు కోసి ఊళ్ళో గ్రూపుల్లో తిప్పితే బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు చదివి వినిపించే ఓపిక ఎవరికీ ఉండదు. పీరియడ్‌లో చర్చ జరిగేటప్పుడు అసలు రికార్డింగ్ వద్దు, పాడే ఐదు నిమిషాలు మాత్రమే తీయండి, అది కూడా వెనక నుంచి, బోర్డు మీద రాసిన పాట కనపడేలా.

శ్రుతిపెట్టె:

వీడియో తీస్తే ఫోను హార్మోనియం పక్కన పెట్టకండి, బెల్లోస్ గాలి శబ్దమే వినపడుతుంది. పిల్లలకు రెండు మీటర్ల దూరంలో, వాళ్ళ నోటి ఎత్తులో పెట్టండి. తకధిమి గారూ, గురజాడ పాటకు మోహన బాగుంటుంది. షడ్జం మాత్రం ఒకటో శ్రుతి దగ్గరే ఉంచండి, ఐదు స్వరాలే కదా అని పైకి పెంచితే పై గాంధారం దగ్గర ఆరో తరగతి పిల్లలు ఆగిపోతారు.